గుర్రానికి డిగ్రీ చదివిన వైద్యుడు

మా గోదావరిఖనిలో గుర్రం కనబడేది పెళ్ళి ఊరేగింపుల్లోనే. కానీ బొగ్గుగనుల చరిత్ర చదువుతూ సింగరేణి నుండి ఇంగ్లండు గనుల దాకా వెళ్ళేసరికి అడుగడుగునా గుర్రమే ఎదురైంది. దాని వెంట దాని వైద్యుడు, ఆ వైద్యుడి వెంట అతడు చదివిన కళాశాల. గాయపడిన గుర్రాన్ని మళ్ళీ నడిపించడమెలాగో మూడేళ్ళపాటు నేర్పి పట్టా ఇచ్చే చదువులు నేడు ఇంగ్లండులో ఉన్నాయి. వినడానికి విడ్డూరంగా తోచవచ్చు గానీ, ఈ విద్యకు పెద్ద చరిత్రే ఉంది. అందులో మన వాటా కూడా తక్కువేమీ కాదు.

అశ్వవైద్యానికి మనవాళ్ళు చెప్పుకునే ఆదిపురుషుడు శాలిహోత్రుడు. ఆ పేరు ఎంతగా నాటుకుపోయిందంటే, ఉత్తరాదిన గుర్రాల వైద్యుణ్ణే 'సాలోత్రీ' అని పిలిచేవారు. పాండవులలో నకులుని పేర ఒక అశ్వశాస్త్రమున్నది, జయదత్తుని పేర అశ్వవైద్యకమున్నది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసము వ్రాశాడు. ఈ శాస్త్రాలలో సుడుల శుభాశుభాలు, రంగుల భేదాలు, పళ్ళను బట్టి వయసు లెక్కకట్టడం విస్తారంగా ఉంటాయి. సుడుల ఫలితాలను చూసి నవ్వుకునే ముందు ఒక్క మాట: పళ్ళను చూసి వయసు చెప్పే పద్ధతిని నేటి పశువైద్యులూ విడిచిపెట్టలేదు.

శాస్త్రం ఉండటం వేరు, అది గుర్రపుశాల దాకా చేరడం వేరు. పదమూడో శతాబ్దపు చివర దక్షిణతీరానికి వచ్చిన మార్కోపోలో పాండ్యరాజుల గుర్రాల సంగతి వ్రాశాడు. ఏటా రెండువేలకు పైగా అరబ్బీ గుర్రాలు కొంటే సంవత్సరం తిరిగేసరికి వంద కూడా మిగలవట. సాకడం తెలిసినవారు లేరట, ఉడికించిన అన్నమూ మాంసమూ పెడతారట. ఆ పైమాట ఇంకా ఘాటైనది. గుర్రాలను తెచ్చే వర్తకులు వైద్యులను వెంట తీసుకురారు, వచ్చేవారినీ రానివ్వరు, ఎందుకంటే గుర్రాలు చచ్చిపోతేనే వారికి మరుసటేటి బేరం. అంకెల్లో అతిశయోక్తి ఉన్నా ఉండవచ్చు, లోపలి లెక్క మాత్రం నమ్మదగ్గదే. ఒక విద్యను దాచిపెట్టడమే వ్యాపారమైన సందర్భమిది.

విజయనగర కాలానికి వస్తే, సాళువ నరసింహుని గురించి న్యూనిజ్ చెప్పిన ముచ్చట ఒకటుంది. ఓడలో గుర్రం చనిపోతే వర్తకుడు దాని తోక తెచ్చి చూపినా చాలు, బ్రతికున్న గుర్రానికిచ్చే వెలే ఇచ్చేవాడట. తోకకు డబ్బిచ్చిన రాజును వెర్రివాడనుకోనక్కరలేదు. గుర్రాలు శత్రువు శాలకు పోకుండా తనకే చేరాలన్న పట్టుదల అది. ఏడాదికి వేలకొద్దీ గుర్రాలు కొన్న రాజ్యాలు వాటిని బ్రతికించే విద్యకు ఒక పాఠశాల పెట్టాయా అని వెదికితే, ఆ విద్య వంశాల్లోనూ తాటాకుల్లోనూ మిగిలినట్టే కనబడుతుంది.

పాఠశాల పెట్టినవాడు ఫ్రాన్సు దేశస్థుడు క్లోద్ బూర్జెలా. ఆయన మౌలికంగా గుర్రపుస్వారీ గురువు. 1762లో లియోన్ నగరంలో ప్రపంచంలోనే మొదటి పశువైద్య పాఠశాల తెరిచాడు. లండనులో 1791లో మొదలైన కళాశాలకు మొదటి ఆచార్యుడు శాంబెల్. అంతకు రెండేళ్ళ ముందు ఎక్లిప్స్ అనే ప్రసిద్ధ పందెపుగుర్రం చనిపోతే, దాని కళేబరాన్ని కోసి అవయవాలను కొలిచి పేరు తెచ్చుకున్నాడాయన. నడక రహస్యం ఎముకల కొలతల్లో ఉందన్న ఆ ఊహే నేటి గమన విశ్లేషణకు తాతయ్య. పాపం, 1793లోనే పోయాడు. లియోన్‌లో చదివిన మొదటి ఇంగ్లీషువాడు విలియం మూర్‌క్రాఫ్ట్ 1808లో కంపెనీవారి గుర్రాల క్షేత్రాన్ని చూసుకోవడానికి బీహారులోని పూసాకు వచ్చాడు, మేలుజాతి గుర్రాలను వెదుకుతూ మధ్యాసియా దాకా పోయి 1825లో అక్కడే కన్నుమూశాడు. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో జబ్బుపడ్డ గుర్రాల, ఒంటెల రక్తంలో 'సర్రా' వ్యాధికి కారణమైన క్రిమిని కనుగొన్నాడు. ఇదంతా సైన్యం కోసం జరిగిందే. ఈ విద్య ఎక్కడ పెరిగిందో చూడాలంటే గుర్రానికి వెల ఎవరు కడుతున్నారో చూస్తే సరిపోతుంది.

ఇక గనుల్లోకి దిగుదాం. బ్రిటనులో 1842 నాటి చట్టం స్త్రీలనూ, పదేళ్ళలోపు బాలురనూ భూగర్భంలో పని చేయించరాదన్నది. వాళ్ళు లాగిన బళ్ళు మరెవరో లాగాలి కదా! పొట్టి గుర్రాలు పెద్దయెత్తున లోపలికి వచ్చాయి. 1913 నాటికి వాటి సంఖ్య డెబ్బై వేలంటారు. చాలాచోట్ల శాలలు కూడా భూమి అడుగునే ఉండేవి. 1911 నాటి బొగ్గుగనుల చట్టంలో గుర్రాల కోసం ప్రత్యేకంగా ఒక అనుబంధమే ఉన్నది. నాలుగేళ్ళు నిండనిదే గుర్రాన్ని లోపలికి దించరాదు. గ్లాండర్స్ రోగం లేదని పశువైద్యుడు పరీక్షించాలి. ప్రతి పదిహేను గుర్రాలకూ ఒక సంరక్షకుడు ఉండాలి. గాయాలున్నాయేమో రోజూ చూసి నివేదిక వ్రాయాలి. ఈ నిబంధనల వెనుక దయ ఎంత, పెట్టుబడి లెక్క ఎంత అని తూచడం కష్టం. జంతుప్రేమికుల ఆందోళన నిజం, గుర్రం కొనడానికి యజమాని డబ్బు పెట్టాలన్నదీ నిజం. చనిపోతే మరొకటి కొనాలి. కార్మికుడు పోతే మరొకడు తానే వచ్చి గేటు ముందు నిలబడతాడు.

ఆ కాలంలోనే మన దగ్గర ఏం జరిగింది? 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు దక్కాయి, 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. బ్రిటిషిండియాలో 1923 నాటి గనుల చట్టం పదమూడేళ్ళలోపు పిల్లలను గనుల్లో నిషేధించింది. నిజాము రాజ్యంలోని సింగరేణి ఆ చట్టం పరిధిలోనిది కాదు. ఇంగ్లండు గుర్రానికి వయసు నిర్ణయించిన పన్నెండేళ్ళకు ఇక్కడి బిడ్డకు వయసు నిర్ణయమైందన్నమాట, అదీ పొరుగు రాజ్యంలో.

అరవైలలో రామగుండం వైపు కొత్త గనులు తెరుచుకుని, గోదావరిఖని అనే ఊరు పుట్టింది. ఇక్కడి గని భాషలో తట్టా చెమ్మస్ అన్న మాట అందరికీ తెలుసు. పేల్చిన బొగ్గును తట్టలతో మోసి టబ్బులు నింపేవాడు ఫిల్లరు. ఆ టబ్బులను హాలేజీ తాడు దాకా నెట్టేవాడు ట్రామరు. పట్టాలు తప్పిన టబ్బుకు భుజం ఆనించి మళ్ళీ పట్టాలెక్కించడం కూడా వాళ్ళ పనే. వెల్షు గనిలో గుర్రం నిలిచిన చోట ఇక్కడ మనిషి నిలిచాడు. 1983లో లాంగ్‌వాల్ యంత్రాలు వచ్చాయి, ఆపైన ఎస్‌డీఎల్ యంత్రాలు. కానీ చాలా గనుల్లో తట్ట చేతి నుండి దిగడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. ఆ తరం నడుములను ఇక్కడ ఏ వీధిలోనైనా చూడవచ్చు. ఫిల్లరుగా చేసి రిటైరైన పెద్దమనిషి కుర్చీలోంచి లేచేటప్పుడు ముందు మోకాళ్ళమీద చేతులు ఆనించి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే నిటారవుతాడు. ఆ నడుముకు కంపెనీ భాషలో ఉన్న ముఖ్యమైన మాట 'అన్‌ఫిట్'. మెడికల్ బోర్డు ఆ మాట వ్రాస్తే వారసుడికి ఉద్యోగం వచ్చే వీలుండేది. కాబట్టి బాగుపడటం కంటే బాగుపడకపోవడమే ఇంటికి లాభమైన సందర్భాలూ ఉన్నాయి. ఇది కార్మికుని తప్పుగా చెప్పేవారితో నాకు పేచీ ఉంది. లెక్కను అలా వేసింది అతడు కాదు.

గుర్రం కథలో మాత్రం ఇక్కడొక చిత్రమైన మలుపు. గుర్రాలకు ఫిజియోథెరపీ మనుషుల దగ్గరనుండే వచ్చింది. ఛార్లెస్ స్ట్రాంగ్ అనే ఆయన మనుషుల ఫిజియోథెరపిస్టు. మౌంట్‌బాటన్ ప్రభువుకు చికిత్స చేస్తే, నా పోలో గుర్రాలకూ ఇదే చేయరాదా అని ఆయన అడిగాడట. కండరాలను విద్యుత్తుతో కదిలించే ఆ చికిత్స అలా గుర్రపుశాలకు చేరింది. తర్వాత అది ఒక వృత్తి అయింది, ఆ వృత్తికి పట్టా వచ్చింది. హార్ట్‌పురీ వంటి చోట్ల గుర్రాల చికిత్సా కేంద్రమే ఉంది. ఇటువంటి చదువుల్లో విద్యార్థి అస్థిపంజరంతో మొదలుపెట్టి నడక దాకా వస్తాడు. గుర్రం తన నొప్పిని చెప్పలేదు కనుక చెవుల కదలికలో, వెన్ను బిగుసుకోవడంలో, అడుగు పొడవులో దాన్ని చదవాలి. స్నాయువు తెగిన గుర్రానికి ముందు కొట్టంలోనే విశ్రాంతి, ఆ తర్వాత చేత్తో పట్టుకుని కొద్ది నిమిషాల నడక, వారాలు గడిచేకొద్దీ మరికొంత. నీటిలో నడిపించే యంత్రముంటే బరువులో కొంత నీరే మోస్తుంది. ఇంత చదివినా రోగనిర్ణయం చేసే అధికారం మాత్రం ఇతనికి లేదు. 1966 నాటి బ్రిటిషు చట్టం ప్రకారం అది పశువైద్యునిదే, అతడు అప్పగిస్తేనే ఇతని పని. నాకిది మంచి కట్టుబాటుగానే తోస్తుంది. చేయి తిరిగినవాడికి హద్దు తెలియడం కూడా విద్యే.

మన దగ్గర హైదరాబాదులో పశువైద్య కళాశాల 1946లో వచ్చింది. అంతకు ముందు తెలుగువాళ్ళకు 1903 నాటి మద్రాసు కళాశాలే దిక్కు. బొగ్గుబెల్టుకు దగ్గరలో ఇప్పుడు కోరుట్లలో ఒకటున్నది. అయిదున్నరేళ్ళ ఆ చదువులో గుర్రం ఆవు, గేదె, మేక, కోళ్ళ నడుమ తన వాటా పాఠాలకు సర్దుకుంటుంది. ఇది సహజమే, ఇక్కడి రైతుకు గేదె ముఖ్యం.

మనుషుల వైద్యానికి సింగరేణి నిధులతో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో మొదలైంది. తట్ట మోసిన ఫిల్లర్లలో చాలామంది అప్పటికే రిటైరై ఉన్నారు.