తుపాకీ మీద పూలతీగ

అలంకారాన్ని అలంకారంగానే చూడటం మన సాహిత్య విమర్శకు పాత అలవాటు. దాన్ని ఎవరు చేశారు, ఎవరికోసం చేశారు, ఎంత శ్రమ అందులో ఇంకిపోయింది అన్న ప్రశ్నలు రసజ్ఞతకు అడ్డమని చెబుతూ వచ్చారు. ఆ ప్రశ్నలు వేస్తే ఏమవుతుందో చూడటానికి కావ్యాన్ని కాసేపు పక్కనపెట్టి ఒక వస్తువును తీసుకుంటాను: పాతకాలపు రెండు గొట్టాల తుపాకీ. మా పామర్రు నుంచి కూచిపూడి మీదుగా చల్లపల్లి పోయే దారి ఒకనాటి జమీందారీలోకి పోయే దారి. కనుక ఆ తుపాకీ నాకు వట్టి వేట సామాను కాదు.

19వ శతాబ్దం చివరికి ఇంగ్లండులో ఈ తుపాకుల నగిషీ కొన్ని శైలులుగా స్థిరపడింది. లండన్‌లోని పర్డీ కంపెనీది గులాబీ గుత్తులూ, చుట్టూ అతిసన్నని తీగచుట్లూ. హాలండ్ అండ్ హాలండ్ వారి 'రాయల్' రకానిది వెడల్పాటి ఆకుల చెక్కడం. మరో రకం వేట దృశ్యం: ఎగిరే పిట్ట, పసిగట్టి నిలబడ్డ కుక్క. ఇటలీలో పేరుకెక్కిన బులీనో పద్ధతిలో సన్నని చుక్కలతోనే వెలుగునీడలు తెప్పిస్తారు. ఉక్కు మెత్తగా ఉండగానే చెక్కుడు పని ముగించి, తర్వాత ఎముకలపొడి, బొగ్గుల మధ్య కాల్చి నీళ్ళలో ముంచి పైపొరను గట్టిపరిచేవారు. ఆపైన ఉలి దిగదు.

ఈ తీగ సొగసు మాత్రమే కాదు, ధరచీటీ కూడా. బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో పేటెంటు పొందిన యంత్రనిర్మాణం మీదే సాదా తుపాకీ, నగిషీ తుపాకీ రెండూ తయారయ్యాయి. లోపలి పని ఒకటే. పైనున్న తీగ ఎంత దట్టమైతే కొన్నవాడి అంతస్తు అంత ఎత్తు.

మన దేశంలో ఆ అంతస్తుకు చట్టమూ తోడైంది. 1878 ఆయుధాల చట్టం తుపాకీకి లైసెన్సు తప్పనిసరి చేసింది; యూరోపియన్లకు మాత్రం మొదట్లో మినహాయింపు దొరికింది. పొలం కాపలా కాసే రైతు చేతిలో కర్రే మిగిలింది. భూమి కోసం చల్లపల్లి రైతులు జమీందారుతో పోరాడిన సీమ ఇది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని తీసేసింది గాని, దాని వస్తువుల మీది మోజు అంత తొందరగా పోలేదు. ఆ వేట దృశ్యాల్లో తరచు కనిపించే ఫెజంటు పిట్ట మన వరిచేలది కాదు, ఇంగ్లండు పొలాలది. మన ఉల్లంకి పిట్టను కొట్టిన తుపాకీ మీద కూడా ఆ పరాయి పిట్టే ఎగిరి ఉంటుంది.

తుపాకీ మీద కంపెనీ పేరు, ఊరు స్పష్టంగా ఉంటాయి. చెక్కినవాడి పేరు సాధారణంగా ఉండదు. కెన్ హంట్ వంటి నగిషీకారుల సంతకానికి విలువ వచ్చింది 20వ శతాబ్దంలోనే. మరి మన పెడనలో టేకుచెక్క మీద కలంకారీ అచ్చులు చెక్కే పనివాడో? 17వ శతాబ్దంలో బందరు అద్దకం బట్ట పర్షియాకూ యూరపుకూ పోయింది. ఆ పోటీకి తట్టుకోలేకనే ఇంగ్లండు పార్లమెంటు 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి అద్దకాల బట్టను అడ్డుకుంది. ఆ బట్ట మీదా వర్తకుల గుర్తులే గాని అచ్చు చెక్కినవాడి పేరు లేదు.

ఆ తీగ అందాన్ని నేను కాదనను. చెయ్యి వణికితే చెడిపోయే పని అది. ఆ పనితనాన్ని గౌరవించేవాడే ఆ చెయ్యి ఎవరిదని అడుగుతాడు. ప్రబంధంలో ఆయుధశాల వర్ణన చదివే విద్యార్థి సమాసాల సొగసు చూసి ఆగిపోకుండా, ఆ కత్తికి పిడి చేసిన కమ్మరిని కవి ఎక్కడ ఉంచాడో కూడా వెతకాలి.