ఫోన్లో చదరంగం తన ఎత్తు ఎట్లా ఎంచుకుంటది?

వాన పడి చేన్లో పని ఆగిన రోజు మా చిన్నోడు ఫోన్లో చదరంగం ఆడుతూ అడిగిండు: "నాన్నా, నా మనసులో ఉన్నది దీనికి ఎట్లా తెలుస్తది?" మనసు తెలవదు బిడ్డా, లెక్క తెలుసు అన్న. ఆ లెక్క చరిత్రలో మన తెలుగు రైతుబిడ్డ ఒకాయన కూడా ఉన్నడు. అలంపూర్ మిత్రులారా, పొడుగు పోస్టే, ఓపిక పట్టండి.

పులి-మేక ఆడేటప్పుడు ఏం చేస్తం? నేను ఇక్కడ పెడితే ఎదుటోడు ఎక్కడ పెడతడు అని చూస్తం. మిషన్ కూడా అంతే, కాకపోతే ఎదుటోడు తప్పు చేస్తడని ఆశపడదు. ప్రతి ఎత్తుకూ ఎదుటోడి గట్టి జవాబు ఏదో చూసి, అది వచ్చినా తనకు నష్టం తక్కువుండే ఎత్తు వేస్తది. లాభనష్టాలకు మార్కులుంటయి: బంటుకు 1, గుర్రానికి 3, ఏనుగుకు 5, మంత్రికి 9. రాజు ఎంత భద్రంగా ఉన్నడనేది కూడా చూస్తది.

చిక్కంతా సంఖ్యలో ఉంది. ఒక్కోసారి 30 ఎత్తులు వేయొచ్చు అనుకుంటే, చెరి రెండు ఎత్తులకే 8 లక్షల 10 వేల దారులు. చెరి మూడంటే 72 కోట్లు దాటుతది. దానికో కిటుకుంది. మంచి ఎద్దు ఒకటి ముందే చూసిపెట్టుకున్నం, రెండోదాని కాలు కుంటిదని తెలిసింది. ఇంక దాని పళ్లు చూస్తమా? మిషన్ కూడా అట్లనే, చెడు తేలిన ఎత్తును మిగతా జవాబులు లెక్కపెట్టకుండానే వదిలేస్తది.

మరి అన్నీ లెక్కపెట్టాల్నా, అనుభవస్తుని లెక్క నాలుగైదు మంచి ఎత్తులే చూడాల్నా? ఈ రెండు దారులనూ 1950లోనే క్లాడ్ షానన్ రాసిపెట్టిండు. 1966-67లో అమెరికా, రష్యా కంప్యూటర్లు టెలిగ్రాఫ్‌లో నాలుగు ఆటలు ఆడినయి. అమెరికాది ఏరుకునే పద్ధతి, మాస్కోది అన్నీ చూసే పద్ధతి. మాస్కో 3-1తో గెలిచింది.

ఓడిన ప్రోగ్రాం వెనక ఉన్న జాన్ మెకార్తీ దగ్గరనే 1966లో డాక్టరేట్ తీసుకున్నడు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట్ల పుట్టి, ఆ ఇంట్ల మొట్టమొదట కాలేజీకి పోయిన మనిషి. 1969లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీకి పోయిండు. ఆయన సొంత పని మాట్లాడే మాటను కంప్యూటర్‌కు అర్థం చేయించుడు. చదరంగం మిషన్ ఆయన చేయలేదు, ఆ మాట ముందే చెప్పాలె. కానీ 1988లో కృత్రిమ మేధ సంఘం అధ్యక్షునిగా మాట్లాడుతూ, ప్రపంచ విజేతను ఓడించే మిషన్‌ను ఆ రంగం ముందున్న పెద్ద పనుల్లో ఒకటిగా లెక్కేసిండు.

ఆ పని అప్పటికే ఆయన యూనివర్సిటీలోనే నడుస్తుంది, అదీ రెండు గుంపులుగా. ఒకటి హాన్స్ బెర్లినర్‌ది, ఉత్తరాల చదరంగంలో ప్రపంచ విజేత ఆయన. బెర్లినర్ కనిపెట్టిన రోగం ఒకటి నాకు బాగా తెలుసు. మిషన్ ఆరు ఎత్తుల దాకనే చూస్తది అనుకోండి. మంత్రి పోవుడు ఖాయమైనా, మధ్యలో ఒక బంటును, ఇంకో బంటును బలిచ్చి ఆ నష్టాన్ని ఏడో ఎత్తుకు జరుపుతది. కనపడకుంటే నష్టం లేనట్టే దానికి! బంట్లు పోతయి, ఆఖరుకు మంత్రీ పోతది. సీడు పత్తి అడ్వాన్సుకు మిత్తి కట్టడానికి ఇంకోచోట అప్పు తెచ్చి, వచ్చే పంటకు చూద్దాం అనుకున్న ఏడాది నేను చేసింది సరిగ్గా ఇదే. పోయింది అరెకరం.

రెండో గుంపు విద్యార్థులది: ఫెంగ్-షుంగ్ సూ, ముర్రే క్యాంప్‌బెల్, మన దేశం నుంచి పోయిన థామస్ అనంతరామన్. వీళ్లు వేగాన్నే నమ్మిన్రు. వాళ్ల డీప్ థాట్ 1988లో గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించింది. సూ, క్యాంప్‌బెల్ ఐబీఎంకు పోయి చేసిన డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. 1997 మే 11న న్యూయార్క్‌లో కాస్పరోవ్ మీద 3.5-2.5తో గెలిచింది. కార్నెగీ మెలన్‌లో 1980 నుంచి ఎదురుచూస్తున్న లక్ష డాలర్ల ఫ్రెడ్కిన్ బహుమతి దానికే దక్కింది.

లెక్కే గెలిచిందని అంతా అనుకున్నరు. 2017లో ఆల్ఫాజీరో తనతో తనే ఆడుకొని నేర్చుకొని, సెకనుకు 80 వేలే చూస్తూ, 7 కోట్లు చూసే స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలు ఆడింది. 28 గెలిచింది, 72 డ్రా, ఒక్కటీ ఓడలేదు. 2020లో స్టాక్‌ఫిష్‌లో కూడా అట్లా నేర్చుకున్న చిన్న మెదడు పెట్టిన్రు. దారులు లెక్కపెట్టుడు మాత్రం మానలేదు.