ఖైరాత్ కాదు, జాగా

ఊరు మునిగేటప్పుడు లెక్కలు రాస్తారు. ఇన్ని ఇళ్లు, ఇన్ని ఎకరాలు, ఇన్ని బావులు, ఇన్ని చెట్లు. పిల్లలు ఆడుకున్న జాగా గురించి ఎవరూ అడగరు. తొగుట మండలం వేములఘాట్ సంగతే చూడండి. 2016 జూన్ నుంచి ఆ ఊరి జనం వందల రోజులు రిలే నిరాహార దీక్షలు చేశారు. అయినా ఊరు నిలవలేదు. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన మల్లన్నసాగర్ నీళ్ల కింద ఉంది. జనానికి గజ్వేల్ దగ్గర కాలనీలో ఇళ్లు చూపించారు. ఇల్లిస్తే ఊరిచ్చినట్టేనా?

జాగా అనే మాట మా ముస్లింలకు ఇంకోలా కూడా తగులుతుంది. ఈ దేశంలో మీ జాగా ఎక్కడ అని మమ్మల్ని అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్న కాస్త తక్కువగా వినపడిన చోటు హాకీ మైదానం. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జట్టుకు కెప్టెన్‌గా వెళ్లింది ముండా ఆదివాసీ జైపాల్ సింగ్. అదే జట్టులో ఫిరోజ్ ఖాన్, షౌకత్ అలీ ఉన్నారు. 1980 మాస్కో స్వర్ణంలో జఫర్ ఇక్బాల్, మహమ్మద్ షాహిద్ ఉన్నారు.

ఆ చోటుకు రెండు దెబ్బలు తగిలాయి. మొదటిది 1976 మాంట్రియల్ ఒలింపిక్స్. పచ్చిక పోయి కృత్రిమ గడ్డి వచ్చింది. అంతకుముందు ఒక కర్రా, ఒక బంతీ ఉంటే ఖాళీ జాగాలో ఆట నేర్చుకోవచ్చు. కొత్త మైదానానికి కోట్లు కావాలి, తడపడానికి నీళ్లు కావాలి. మన జట్టుకు ఏడో స్థానం వచ్చిందని దేశం బాధపడింది. పేదపిల్లలకు ఆట అందకుండా పోయిందని ఎంతమంది బాధపడ్డారు?

రెండోది 1982 ఢిల్లీ ఆసియా క్రీడలు. ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 1-7తో ఓడాం. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీని ద్రోహి అన్నారు. ఆయన హిందువు. పేరులో ‘మీర్’ చూసి ముస్లిం అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆయన అనుభవాన్ని గుర్తుచేసే ‘చక్ దే ఇండియా’ 2007లో వచ్చింది. అందులో నింద పడేది కబీర్ ఖాన్ మీద. హిందువు పడిన నింద సినిమాలో ముస్లిం నెత్తికెక్కితే ఎవరికీ వింతగా అనిపించలేదు. ఎందుకో మాకు తెలుసు.

పోయిన మైదానాన్ని పేదపిల్లలకు మళ్లీ ఇచ్చే పని మన తెలుగునేలలో ఒక స్వచ్ఛంద సంస్థ ఎత్తుకుంది. జనం ఫాదర్ అని పిలుచుకున్న విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పని మొదలుపెట్టారు. మొదట దళితులకు, ఆదివాసులకు, వెనుకబడిన కులాలకు ఇళ్లు, బడులు, ఆస్పత్రులు. ఆ తర్వాత ఆటలు. అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, ఫుట్‌బాల్‌తో పాటు హాకీ కూడా నేర్పారు. కరువు పల్లెల ఆడపిల్లలు హాకీ కర్ర పట్టారు. 2010లో అక్కడే నాదల్ పేరిట టెన్నిస్ బడి వచ్చింది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆ ట్రస్టు మైదానంలోనే జరిగాయి.

ఇది గొప్ప పనే. కాని దాత దయ మీద నడిచేది ఎంత మంచిదైనా ఖైరాతే. దాత లేని జిల్లాలో పిల్లల గతేమిటి? జాగా ఖైరాత్ కాదు, హక్కు. చట్టంలోనే రాసి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు, నిర్వాసితుల కొత్త ఊళ్లో పిల్లలకు ఆటస్థలం ఇవ్వాలంటుంది. ఆ చట్టాన్ని పక్కనపెట్టి 2015లో 123 జీవో తెచ్చారు. వేములఘాట్ జనం దీక్షల్లో అడిగింది ఆ చట్టాన్ని అమలు చేయమనే.

కనుక దళితుడి బిడ్డకైనా, దూదేకుల బిడ్డకైనా, ఊరు పోగొట్టుకున్న రైతు బిడ్డకైనా మేం అడిగేది ఒక్కటే. లెక్కలు రాసేటప్పుడు పిల్లల జాగా కూడా రాయండి. ఆ జాగాలోకి వచ్చిన పిల్లవాణ్ణి పేరడిగితే జట్టులో వేసుకోవడానికే అడగండి.