ఆలోచనను సాక్ష్యం అడిగిన చికిత్స

1950ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు ఫ్రాయిడ్ పద్ధతిలో వైద్యం చేస్తుండేవారు. రోగి సోఫా మీద పడుకుని మనసుకు తట్టిందల్లా చెబుతూ పోవాలి, వెనక కూర్చున్న డాక్టరు అందులోని అంతరార్థాన్ని విప్పాలి. ఒకరోజు ఒకావిడ తన స్వంత విషయాలు దాపరికం లేకుండా చెబుతోంది, కానీ లోలోపల కంగారు పడుతోంది. ఆ కంగారుకు బెక్ తాను చదువుకున్న శాస్త్రం ప్రకారమే కారణం చెప్పారు. అణచుకున్న కోరికలు బయటపడుతున్నాయి కాబట్టి భయం అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. తన మాటలతో డాక్టరుగారికి విసుగు పుట్టిస్తున్నానేమోనన్నదే తన భయమంది. ఆ ఆలోచన సెషన్ పొడుగునా ఆమె వెంటే ఉంది. అడిగేదాకా చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పాల్సిన విషయమని ఆమెకు తోచలేదు.

కాగ్నిటివ్ థెరపీ చరిత్రను నేను ఈ గదిలోంచే మొదలుపెడతాను. మన పాఠ్యపుస్తకాలు దీన్ని సంజ్ఞానాత్మక చికిత్స అంటాయి, కౌన్సెలింగ్ గదుల్లో మాత్రం అందరూ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే అంటారు. ఆ రోజు బెక్ చేసిన గొప్ప పని ఒకటే. తన సిద్ధాంతం పక్కన పెట్టి రోగి మాట నమ్మారు. పైకి మాట్లాడే మాటల వెనక, ఎవరూ పిలవకుండానే మనసులో మెరిసి మాయమయ్యే ఇంకో ఆలోచనల వరస ఉంటుందని, బాధకు తీగ అక్కడే దొరుకుతుందని ఆయన గ్రహించారు. వాటికి వాటంతట అవే వచ్చే ఆలోచనలు అని పేరు పెట్టారు.

ఈ చూపు పూర్తిగా కొత్తదేం కాదు. రోమన్ సామ్రాజ్యంలో బానిసగా పుట్టి తత్వవేత్తగా ఎదిగిన ఎపిక్టెటస్, సంఘటనకూ బాధకూ నడుమ మనిషి చేసుకునే తీర్పు ఒకటి నిలబడి ఉంటుందని దాదాపు 1900 ఏళ్ల కిందటే బోధించారు. బెక్, ఆయనకంటే ముందే ఈ దారి పట్టిన ఆల్బర్ట్ ఎల్లిస్ ఇద్దరూ ఎపిక్టెటస్ లాంటి స్టోయిక్ తత్వవేత్తలకు తమ రుణం ఒప్పుకున్నారు. అయితే తత్వం నుంచి చికిత్స రావాలంటే మధ్యలో ప్రయోగం ఉండాలి. అది ప్రవర్తనావాదుల దగ్గర్నుంచి వచ్చింది. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును రోజుకు కాస్త దగ్గరగా తెచ్చి భయం పోగొట్టారు. 1958లో జోసెఫ్ వోల్పే ఇదే సూత్రాన్ని పెద్దల భయాలకు క్రమబద్ధమైన వైద్యంగా మలిచారు. మనసులో ఏముందో వీళ్లు పెద్దగా పట్టించుకోలేదు, చేతలు మారితే చాలన్నారు. ఆ లోటు లోటే. కానీ వైద్యం పనిచేసిందో లేదో లెక్కగట్టి చూడాలన్న పట్టుదల మాత్రం వాళ్లిచ్చిన ఆస్తి.

ఎల్లిస్ కథ వేరు. న్యూయార్క్‌లో పెరిగిన ఆయనకు కుర్రతనంలో ఆడవాళ్లతో మాట్లాడాలంటే మహా బిడియం. 19 ఏళ్ల వయసులో బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కు వెళ్లి, బెంచీల మీద ఒంటరిగా కూర్చున్న ప్రతి ఆడమనిషితోనూ తానే ముందు మాట కలపాలని నియమం పెట్టుకుని, దాదాపు వందమందితో మాట్లాడారు. ఆ మాటల్లోంచి స్నేహమేదీ నిలబడలేదు గానీ, కాదంటే కొంప మునగదని ఆయనకు అనుభవంలోకి వచ్చింది. 1955 నాటికి ఆయన ఫ్రాయిడ్ పద్ధతిని వదిలేసి తన రేషనల్ థెరపీని మొదలుపెట్టారు. ఆయన ఏబీసీ సూత్రాన్ని ఇప్పటికీ కౌన్సెలింగ్ కోర్సుల్లో చెబుతారు. ఏ అంటే జరిగిన సంగతి, బీ అంటే దాని గురించిన నమ్మకం, సీ అంటే కలిగిన ఫలితం. ఏ నుంచి నేరుగా సీ పుట్టదు, మధ్యలో బీ ఉంది. ముఖ్యంగా ‘జరిగి తీరాల్సిందే’, ‘ఉండాల్సిందే’ అనే మొండి షరతుల మీద ఎల్లిస్ విరుచుకుపడేవారు. రోగితో గట్టిగా వాదించేవారు.

బెక్ వాదించరు, అడుగుతారు. నాకు బెక్ దారే మేలనిపిస్తుంది, కారణం ఆయన అక్కడికి చేరిన తీరు. కుంగుబాటు అంటే మనిషి తన మీదకే తిప్పుకున్న కోపమని, రోగి లోలోపల బాధనే కోరుకుంటాడని ఫ్రాయిడ్ సంప్రదాయం చెప్పింది. దాన్ని రుజువు చేద్దామనే బెక్ రోగుల కలలను సేకరించారు. వాటిలో కోపం కంటే ఓటమి, నష్టం, తిరస్కారం ఎక్కువ కనిపించాయి. ఆ తర్వాత చిన్నచిన్న పనులిచ్చి పరీక్షించారు. బాధనే కోరుకునేవాళ్లయితే గెలుపు వాళ్లకు రుచించకూడదు. కానీ గెలిచినప్పుడు వాళ్ల మనసు తేలికపడింది, తమ మీద నమ్మకం పెరిగింది. తన గురువుల సిద్ధాంతాన్ని నిలబెట్టబోయి దాన్ని కూల్చుకున్న బెక్, వచ్చిన ఫలితాన్నే అంగీకరించారు. 1961లో కుంగుబాటు తీవ్రతను కొలవడానికి 21 అంశాల పట్టిక తయారుచేశారు. తన గురించి, లోకం గురించి, రేపటి గురించి, ఈ మూడింటి మీదా చీకటి కమ్మిన చూపే కుంగుబాటుకు మూలమని 1967 నాటి పుస్తకంలో వివరించారు.

ఈ పద్ధతి గదిలో ఎలా నడుస్తుందో చెప్పకపోతే చరిత్ర చెప్పి లాభం లేదు. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఇంటర్ రెండో ఏడాది కుర్రవాడు, వీక్లీ టెస్టులో ర్యాంకు పడిపోయింది. హాస్టల్లో మంచం దిగడం లేదు. ఇంట్లోవాళ్లు ‘అలా ఆలోచించకు, ధైర్యంగా ఉండు’ అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాటతో వాడి ఆలోచన ఎక్కడికీ పోదు, నోరు మూసుకుని లోపల కూర్చుంటుంది. కౌన్సెలర్ దాన్ని బయటికి పిలుస్తారు. నోటీసు బోర్డు చూసిన క్షణంలో మనసులో ఏం మెదిలింది? ‘నేను దేనికీ పనికిరాను.’ ఆ మాటను ఎంత నమ్ముతున్నావు, నూటికి ఎంత? తొంభై. దిగులెంత? ఎనభై అయిదు. ఇవన్నీ కాగితం మీద గడులు గీసి రాయిస్తారు. తర్వాతి గడిలో ఆ మాటకు సాక్ష్యం, ఆ పక్క గడిలో దానికి ఎదురు సాక్ష్యం. ఒక టెస్టు పోయింది, నిజమే. ‘దేనికీ’ అన్న మాటకు సాక్ష్యముందా? చెల్లెలికి లెక్కలు చెప్పిందెవరు? జ్వరంతో ఉన్న రూమ్మేటుకు నాలుగు రోజులు అన్నం తెచ్చిపెట్టిందెవరు? చివరి గడిలో వాడే ఇంకాస్త సమంజసమైన వాక్యం రాసుకుంటాడు. దిగులు ఎనభై అయిదు నుంచి యాభైకి దిగితే, ఆ రోజుకు అది మంచి పని.

ఇంకో మెట్టు కిందికి దిగితే అసలు నమ్మకం తగులుతుంది. ర్యాంకు పోతే ఏమవుతుంది? సీటు రాదు. రాకపోతే? నాన్న అప్పు చేసి చదివిస్తున్నారు. అయితే? నేను వాళ్లకు బరువు. ఇక్కడ కౌన్సెలర్ చాలా జాగ్రత్తగా ఉండాలి. అప్పు భ్రమ కాదు, నిజం. నిజాన్ని ఆలోచనలోని వంకరగా చూపించడం చికిత్స కాదు, అన్యాయం. అప్పు గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడాలి, దారులు వెతకాలి. ‘అప్పుంది’ దగ్గర్నుంచి ‘నేను బరువు’ దాకా మనసు వేసిన గెంతునే పరీక్షకు పెట్టాలి. పాజిటివ్ థింకింగ్ అని బజారులో అమ్ముడయ్యే సరుకుకూ దీనికీ తేడా ఇదే. సీబీటీ ఆలోచనను అందంగా మార్చమనదు, నిజమో కాదో చూడమంటుంది. కౌన్సెలరూ ఎదుటి మనిషీ ఒకే దర్యాప్తులో ఇద్దరు భాగస్వాములన్న ఈ భావనే బెక్ పద్ధతికి ప్రాణం. ప్రతి సెషన్ మొదట్లోనే మాట్లాడాల్సినవి కలిసి నిర్ణయించుకోవడం, వారానికి హోమ్‌వర్క్ ఇవ్వడం, చివర్లో ‘ఇవాళ నా మాటల్లో నిన్ను నొప్పించిందేమైనా ఉందా’ అని అడగడం, అన్నీ దాన్నుంచి వచ్చినవే.

కాగితంతో తేలనివి చేతలతో తేలుతాయి. పానిక్ అటాక్ విషయంలో ఆక్స్‌ఫర్డ్‌లో డేవిడ్ క్లార్క్ 1986లో చూపిన దారి దీనికి చక్కని నమూనా. గుండె దడను గుండెపోటు అనుకోవడం, ఆ భయంతో దడ పెరగడం, పెరిగిన దడ ఆ అనుమానానికే బలమివ్వడం, ఇదొక సుడి. రోగిని గదిలోనే రెండు నిమిషాలు గబగబా ఊపిరి పీల్చమంటారు. తల తిరగడం, వేళ్లు తిమ్మిరెక్కడం, గుండె కొట్టుకోవడం, అన్నీ వస్తాయి. గుండెపోటు మాత్రం రాదు. వంద మాటలు చేయలేని పని ఆ రెండు నిమిషాలు చేస్తాయి.

బెక్ బృందం తన వైద్యాన్నీ పరీక్షకు పెట్టింది. 1977లో 41 మంది కుంగుబాటు రోగులతో జరిపిన అధ్యయనంలో కాగ్నిటివ్ థెరపీ తీసుకున్నవారిలో దాదాపు 79 శాతం బాగా కోలుకున్నారు, ఇమిప్రమిన్ మందు వాడినవారిలో 23 శాతమే. మాటలతో చేసే వైద్యం మందును మించిందన్న ఆ వార్త సంచలనమైంది. అందులో లోపం కూడా ఉంది. తుది పరీక్షకు ముందే మందు తగ్గించడం మొదలుపెట్టారని విమర్శకులు ఎత్తిచూపారు, అది న్యాయమైన విమర్శే. 1989లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 250 మందితో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు రాగా, తీవ్రమైన కుంగుబాటులో మందుదే పైచేయి అయింది. 2005లో పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు కలిసి 240 మందితో చేసిన అధ్యయనం ఆ తీర్పును మళ్లీ తిరగరాసింది. ఒక మోస్తరు నుంచి తీవ్రం దాకా ఉన్న కుంగుబాటులో రెండు వైద్యాలకూ 58 శాతం మంది స్పందించారు. అంతకంటే ముఖ్యమైనది తర్వాతి ఏడాది తేలింది. బాగుపడ్డాక మందు ఆపేసినవారిలో 76 శాతం మందికి జబ్బు తిరగబెడితే, థెరపీ ముగించినవారిలో తిరగబెట్టింది 31 శాతం మందికే. మాత్ర ఆపితే దాని పని ఆగుతుంది, నేర్చిన నైపుణ్యం మనిషి దగ్గర ఉండిపోతుంది. అలాగని మందు మానేయమని ఎవరూ దీనికి అర్థం తీయకూడదు. ఆ నిర్ణయం డాక్టరుది.

అసలైన గట్టి దెబ్బ 1996లో సియాటిల్ నుంచి తగిలింది. నీల్ జేకబ్సన్ బృందం ఈ చికిత్సను ముక్కలుగా విడదీసి చూసింది. ఆలోచనల జోలికే పోకుండా రోజువారీ పనులను ఒక పట్టిక ప్రకారం మళ్లీ మొదలుపెట్టించినా, పూర్తి చికిత్సకు సమానంగానే ఫలితం వచ్చింది. పొద్దున్నే లేచి స్నానం చేయడం, వీధి చివరి దాకా నడవడం, ఒక స్నేహితుడికి ఫోన్ చేయడం, ఆ పనిలో ఎంత తృప్తి కలిగిందో పదికి మార్కులేసుకోవడం, ఇవి బెక్ చికిత్సలోనూ ఉన్నవే. కానీ అవి ఇంత బరువు మోస్తాయని ఎవరూ అనుకోలేదు. ఆలోచన మారితేనే మనిషి మారతాడన్న మూల సూత్రానికే ఇది ప్రశ్న. ఈ ఫలితాన్ని నేను ఈ రంగానికి అవమానంగా చూడను. రోగి ఆలోచనను అడిగిన సాక్ష్యాన్నే తననూ తాను అడిగిన చికిత్స ఇది. 2002లో సెగల్, విలియమ్స్, టీస్‌డేల్ ధ్యానాన్ని కలిపి ఇంకో మార్గం వేశారు. ప్రతి ఆలోచననూ విచారించక్కర్లేదు, వచ్చిపోయే దానిగా గమనించినా చాలన్నారు.

మన దక్షిణాసియాకు వచ్చేసరికి ఇబ్బంది వేరే చోట ఎదురైంది. ఇక్కడి రోగి డాక్టరును గురువులా చూసి ఉపదేశం ఆశిస్తాడని, చికిత్స ఆ గురుశిష్య బంధాన్ని వాడుకోవచ్చని 1973లోనే భారతీయ సైకియాట్రిస్టు జె.ఎస్. నేకీ వాదించారు. ‘మీరే చెప్పండి సార్, ఏం చేయమంటారు’ అనే మనిషి ముందు ప్రశ్నలతో నడిచే చికిత్స మొదట తడబడుతుంది. దీనికి తోడు, శిక్షణ పొందిన నిపుణులు జనాభాకు చాలని దేశాలు మనవి.

ఆ రెండింటికీ నాకు తెలిసిన మంచి జవాబు పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల నుంచి వచ్చింది. అతీఫ్ రహమాన్ బృందం హైస్కూలు చదివిన గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపింది. జబ్బు పేరు ఎత్తలేదు, బిడ్డ ఆరోగ్యం కోసమని చెప్పి మొదలుపెట్టారు. బొమ్మలు చూపించారు, ఇంట్లో అత్తగారినీ కలుపుకున్నారు. 903 మంది తల్లులతో జరిగిన ఈ అధ్యయనం 2008లో అచ్చయింది. ప్రసవమైన ఆరు నెలలకు ఈ సాయం అందినవారిలో 23 శాతం మందిలో కుంగుబాటు మిగిలి ఉంటే, అందనివారిలో 53 శాతం. గోవాలో విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు మనుషులనే కౌన్సెలర్లుగా తీర్చిదిద్ది, పనులను మళ్లీ మొదలుపెట్టించే ఆ సియాటిల్ పద్ధతినే ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో అందించింది. 2017 నాటి ఫలితాల్లో మూడు నెలలకు 64 శాతం మంది కోలుకున్నారు, మామూలు సంరక్షణ మాత్రమే అందినవారిలో 39 శాతం.

రావల్పిండిలో, గోవాలో సాధ్యమైంది మన ఆశా కార్యకర్తలతో ఎందుకు సాధ్యం కాదు? ఈ ప్రశ్న రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వేసుకోవాలి. జూనియర్ కాలేజీలు, హాస్టళ్లు నడిపేవాళ్లు అంతకంటే ముందు వేసుకోవాలి.

బెక్ 2021 నవంబరులో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. ఆయన పద్ధతిలో దర్యాప్తు ఎప్పుడూ ఇద్దరిది. అందుకే, ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా, లేదా మీ ఇంట్లో ఎవరికైనా, బతకడం దండగన్న ఆలోచన పదేపదే వస్తుంటే ఒంటరిగా దానితో వాదించకండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.