కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు

అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు, 1898లో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచారు, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఈ సంగతులు ఊళ్ళో చాలామందికి తెలుసు. ఆ ఆసుపత్రికి ఎదురుగా లేచిన సత్రం సంగతి మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. తన భార్యకు అక్కడ జబ్బు నయమైన కృతజ్ఞతతో, రోగుల వెంట వచ్చే బంధువులు దిగడానికి ఏలూరు రాజాగారు భుజంగరావు దాన్ని కట్టించారు. మంచానపడ్డ మనిషి ఒక్కరే రారని, వెంట గిన్నెలూ చాపలూ కట్టుకుని సగం ఇల్లు కదిలి వస్తుందని ఆయనకు తెలుసు. మందు డాక్టరమ్మ ఇస్తారు. గంజి కాచి తాగించడం, రాత్రంతా కనిపెట్టుకుని ఉండడం చాలామట్టుకు ఇంటివాళ్ళ పని. 1946లో, టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న రోజుల్లో, గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చింది. ప్రభుత్వ పెద్దాసుపత్రి పెరిగింది, వార్డులు పెరిగాయి. రోగి వెంట ఒక మనిషి ఉండి తీరాలన్న లెక్క మాత్రం మారలేదు. ఈ లెక్క ఎక్కువ బరువుగా పడే జబ్బు పక్షవాతం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో వైద్యం ఎన్ని రూపాలు మార్చుకున్నా, పడిపోయిన మనిషిని తిరిగి నిలబెట్టే పని ఇంటి మీదే పడుతూ వచ్చింది. ఆ పనిని ఇంటివాళ్ళకు నేర్పినవాళ్ళు లేరు, దానికి కూలి కట్టినవాళ్ళూ లేరు.

ఆసుపత్రులు రాకముందు కూడా అంతే. చరకుడు పక్షాఘాతాన్ని వాతవ్యాధుల్లో చేర్చి కాపడమూ విరేచనమూ చెప్పాడు. సంస్కృతమూ తెలుగూ కలిసిన బసవరాజీయం తెలుగు వైద్యులకు చేతిపుస్తకంగా నడిచింది. కానీ వైద్యుడు తైలం కాచి ఇస్తాడు, లేదా పేరు చెప్పి వెళ్తాడు. పొద్దునా సాయంత్రమూ ఆ తైలం మర్దనా చేసేది, వావిలాకు వేసి నీళ్ళు కాచేది, ఆముదపాకు వెచ్చచేసి కట్టేది భార్యో కోడలో. వంకాయ, గోంగూర, పుల్లపెరుగు వాతం చేస్తాయని పథ్యం పెట్టేదీ ఆమే. పసరు మందులు, అంత్రాలు, చివరికి పావురం నెత్తురు పడిపోయిన చేతికి పూయడం వరకూ పల్లెలు ప్రయత్నించని దారి లేదు. వీటిని మూఢత్వమని కొట్టిపారేయడం తేలిక. అయితే ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. పక్షవాతం వచ్చినవారిలో కొందరికి మొదటి వారాల్లో, నెలల్లో ఎంతో కొంత కదలిక దానంతటదే తిరిగి వస్తుంది. ఆ సమయానికి ఒంటి మీద ఏ మందు ఉంటే పేరు దానికి దక్కుతుంది. తైలమర్దనలో మేలు కూడా లేకపోలేదు. కీళ్ళు బిగుసుకోకుండా రోజూ ఎవరో ఒకరు కదిలిస్తారు, మనిషిని మూలన పడేయరు. హాని ఇంకోచోట జరిగింది. పట్టు తప్పిన చేతిని పట్టుకుని పైకి లాగితే భుజం కీలు జారుతుంది. మింగుడు సరిగ్గా పడని మనిషిని పడుకోబెట్టి గొంతులో గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మంచం మీద పక్క తిప్పకుండా ఉంచితే పుండ్లు పడతాయి. ప్రేమగానే చేసే పనులివి, వీటివల్ల జరిగే ప్రాణనష్టం తక్కువేం కాదు.

పూర్వం ఉమ్మడి కుటుంబాలు ఉండేవి, పదిమంది చేతులు ఉండేవి, ఇప్పుడే ఈ కష్టం వచ్చిందని ఒక మాట తరచు వినిపిస్తుంది. ఇందులో సగమే నిజం. భూమి ఉన్న ఇళ్ళలో చేతులు ఉండేవి, ఆ చేతులు కూడా కోడళ్ళవీ పాలేళ్ళవీ. కూలిచేసుకునే ఇంట్లో ఆ వైభవం ఎన్నడూ లేదు. ఈ జిల్లాల నల్లరేగడి వ్యవసాయాన్ని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. పత్తితీతా మిరపకోతా రెండూ ఆడవాళ్ళ వేళ్ళ మీద నడిచే పనులు. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా మిరపచేలకు మనుషులు చాలరు, కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వస్తాయి. వాళ్ళ ఊళ్ళలో ఇళ్ళకు కాపలా ముసలివాళ్ళు. అలాంటి కూలి ఇంట్లో మగవాడికి కాలూ చెయ్యీ పడిపోతే పోయేది ఒక కూలి కాదు, రెండు. అతని కూలి ఎలాగూ పోయింది, అతన్ని చూసుకోవడానికి ఆగిపోయిన భార్య కూలి కూడా పోతుంది. ఏడాది కూళ్ళలో ఎక్కువ భాగం దొరికేది ఆ కోతల నెలల్లోనే. ఆమె ఇంట్లో ఉంటే పొయ్యి ఆరుతుంది, చేనికి వెళ్తే అతను తడిసిన పక్క మీదే సాయంత్రం దాకా ఉంటాడు.

ఆధునిక వైద్యం ఈ చిక్కును తీర్చిందా? మొదటి గంటల విషయంలో బాగా ముందుకు వెళ్ళింది. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడితే మనిషి తిరిగి తన కాళ్ళ మీద నిలబడే అవకాశం పెరుగుతుంది. 2005లో వచ్చిన 108 వాహనం, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాణ్ణి ఆసుపత్రి దాకా చేర్చాయి. ఆ తర్వాతి నెలల సంగతి వేరు. కండరాలకు మళ్ళీ పని నేర్పే ఫిజియోథెరపీ మన దేశంలో పోలియో పిల్లల కోసం వేళ్ళూనింది, దాని మొదటి బడి 1953 ప్రాంతంలో బొంబాయిలో పెట్టారు. ఆ విద్య పట్టణాల్లో స్థిరపడింది. వినుకొండ అవతలి పల్లెకో, కనిగిరి పక్క తండాకో డిశ్చార్జి కాగితంతో చేరిన మనిషికి అది రాసిచ్చిన సలహాగానే మిగిలింది. వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించండి అంటారు. ఎవరు, ఎలా చేయించాలో కాగితంలో ఉండదు.

అయితే ఇంటివాళ్ళకే నేర్పితే సరిపోదా? ఈ ప్రశ్నను దేశం నిజంగానే పరీక్షకు పెట్టింది, ఆ పరీక్షలో గుంటూరుకూ భాగం ఉంది. అటెండ్ అనే పేరుతో 2014 నుంచి 2016 వరకు 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగుల మీద జరిగిన అధ్యయనం అది. గుంటూరు లలితా సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఆ పద్నాలుగింటిలో ఒకటి. సగం మంది ఇళ్ళలో ఒకరికి, రోగి ఆసుపత్రిలో ఉండగానే, వ్యాయామాలూ పట్టుకునే తీరూ రోజుకు గంట చొప్పున మూడు రోజులు నేర్పారు, తర్వాత ఆరుసార్ల వరకు ఇంటికి వెళ్ళి చూశారు. మిగతా సగానికి మామూలుగా దొరికే వైద్యమే దొరికింది. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు వైపులా ఒకే అంకె. నూటికి 47 మంది చనిపోయారు, లేదా ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితం వచ్చినప్పుడు ఎంతోమంది నిరాశపడ్డారు. ఖర్చు లేకుండా పని అయిపోతుందన్న ఆశ అక్కడ అడుగంటింది.

దీన్ని చూపించి, కుటుంబం చేసేదంతా దండగేనని ఎవరైనా అనవచ్చు. అధ్యయనం చెప్పింది అది కాదు. రెండు వైపులా రోగుల్ని చూసుకున్నది ఇంటివాళ్ళే. ఇంటిమనిషి లేని పక్షవాత రోగి ఆ లెక్కలోకే రాలేదు. తేలింది ఒక్కటే, మూడు రోజుల పాఠంతో కోడలు ఫిజియోథెరపిస్టు అయిపోదని. భుజాన్ని ఎలా కాపాడాలో, తాగించేటప్పుడు మనిషిని ఎలా కూర్చోబెట్టాలో, రెండు గంటలకోసారి పక్క ఎందుకు తిప్పాలో ఆమెకు తెలియడం అవసరమే. నడక తిరిగి నేర్పడానికి మాత్రం ఆ విద్య చదివిన మనిషి ఆ గుమ్మం తొక్కాలి, ఒకసారి కాదు, నెలల తరబడి. రక్తపోటు మందు ఆగకుండా చూసేవాళ్ళూ కావాలి. మన పథ్యం మండలం రోజులతో తీరిపోతుంది, ఆ తర్వాత కంచంలోకి ఆవకాయా పండుమిరప పచ్చడీ వాటి ఉప్పుతో సహా తిరిగి వస్తాయి. రెండో దెబ్బ కొట్టేది చాలాసార్లు ఆ నిశ్చింతలోనే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2024 జూలై 1న గుంటూరు జిల్లా పెనుమాకలో కొత్త పింఛన్ల పంపిణీ మొదలైంది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి అంతకుముందు నెలకు ఉన్న 5,000 రూపాయలు 15,000 అయ్యాయి. పత్తి, మిరప కూలి ఇంటికి అది చిన్న డబ్బు కాదు, పోయిన ఆ రెండో కూలికి కొంత బదులు. కానీ ఆ డబ్బు ఇక లేవరని తేలినవారికి. లేచే అవకాశం ఎక్కువగా ఉన్న తొలి మూడు నెలలకు ఆ ఇంటికి ఈ పింఛను లేదు. డబ్బు అనర్హులకు పోతోందన్న అనుమానంతో 2025 మొదట్లో వైద్య బృందాలు మంచాన ఉన్నవారి ఇళ్ళకే వెళ్ళి పరిశీలించాయి. పరిశీలన తప్పని అనను. డాక్టరును గడప దాకా పంపడం ప్రభుత్వానికి చేతనవుతుందని మాత్రం దానితో రుజువైంది. అదే పద్ధతిలో ప్రతి మండలానికి ఒక ఫిజియోథెరపిస్టును ఇచ్చి, రోగి ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే ఆ ఇంటికి పంపాలి. తొలి మూడు నెలలు చూసుకునే మనిషికి కోతకూలికి సమానమైన భత్యం కట్టాలి. మొత్తం పింఛన్ల మీద పెడుతున్న దానిలో ఇది చిన్న వంతే అవుతుంది.