ముర్రుపాలలో దాగిన టీకా

రెండు వారాలుగా ఆఫీసులో రిలీజు గొడవ. అది ముగిశాక మొన్న ఆదివారం పాతబస్తీ వెళ్ళాను. షాలిబండ దాటి మొఘల్‌పురా గల్లీలోకి తిరిగితే, మేం అద్దెకున్న పెంకుటింటి చోట ఇప్పుడు నాలుగంతస్తుల బిల్డింగు ఉంది. ఎదురుగా ఉండే గుర్రాల కొట్టం పోయి సెల్‌ఫోన్ షాపు వచ్చింది. ఆ షాపు ముందు నిలబడగానే 1987లో చనిపోయిన ఓ గుర్రప్పిల్ల గుర్తొచ్చింది. ఇంటికొచ్చాక దాని గురించే చదువుతూ కూర్చున్నాను. ఈ టపా ఆ చదువు ఫలితమే.

ఆ కొట్టం మేమంతా చాచా అని పిలిచే పెద్దాయనది. ఆయనకో టాంగా, పెళ్ళి బరాత్‌లకి అద్దెకిచ్చే తెల్ల ఆడగుర్రం ఉండేవి. ఆ ఏడు ఒకే నెలలో వాళ్ళింట్లో రెండు పురుళ్ళు. కోడలికి మగపిల్లాడు పుట్టాడు, గుర్రం కూడా ఈనింది. మా పిల్లలందరికీ మనవడికంటే గుర్రప్పిల్ల మీదే మోజు. స్కూలు నుంచి రాగానే సంచీ పడేసి కొట్టం దగ్గరికే పరుగు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో గుర్తులేదు గానీ, అది పాలు తాగడం మానేసింది. మానేయడం కాదు, నోరు తెరుచుకోలేదు. చెవులు నిక్కబొడుచుకుని, తోక లేచి, నాలుగు కాళ్ళూ బిగదీసుకుని చెక్కగుర్రంలా నిలబడిపోయింది. ఎవరైనా చప్పట్లు కొడితే ఒళ్ళంతా వణికేది. పశువుల డాక్టరు వచ్చి చూసి ధనుర్వాతం అన్నాడు, ఇక చేసేదేమీ లేదన్నాడు. రెండ్రోజుల్లో పోయింది. చాచా మాత్రం "నజర్ లగ్ గయీ బేటా" అన్నాడు. దిష్టి తగిలిందట.

అదే ఇంట్లో, అదే నెలలో పుట్టిన పిల్లాడికి ఏమీ కాలేదు. ఎందుకు కాలేదన్నది అప్పుడు నాకు తట్టలేదు. కోడలు కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మే తోడు వెళ్ళి రెండుసార్లు టీటీ ఇంజెక్షన్ వేయించింది. గుర్రాన్ని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ధనుర్వాతం కలిగించే బాక్టీరియా మట్టిలో, గుర్రపు పేడలో ఉంటుంది. దాని బీజాలు ఏళ్ళ తరబడి చావవు. గాలి తగలని గాయం దొరికితే మేల్కొని విషం తయారుచేస్తాయి. ఆ విషం నరాల వెంట వెన్నుపాము దాకా పోయి, కండరాలకి "ఇక చాలు, వదులు" అని చెప్పే సంకేతాన్ని ఆపేస్తుంది. బిగుసుకోమనే సిగ్నల్ వెళ్తూనే ఉంటుంది, వదలమనే సిగ్నల్ మాత్రం వెళ్ళదు. మనిషి ఒళ్ళు విల్లులా వంగిపోతుంది కాబట్టి మనవాళ్ళు ధనుర్వాతం అన్నారు. పెంపుడు జంతువుల్లో ఈ విషానికి అన్నిటికంటే తేలిగ్గా లొంగేది గుర్రమే. లాడం మేకు గుచ్చుకున్నా చాలు. అప్పుడే పుట్టిన పిల్లకైతే పచ్చి బొడ్డే గాయం.

ఈ జబ్బు మీద మనిషి గెలిచిన కథలో అడుగడుగునా గుర్రం ఉంది. 1889లో బెర్లిన్‌లో కితసాతో ఈ బాక్టీరియాని విడిగా పెంచగలిగాడు. మరుసటి ఏడు ఆయనా బేరింగూ కలిసి, విషాన్ని తట్టుకున్న జంతువు రక్తంలో దానికి విరుగుడు ఉంటుందని చూపించారు. ఆ విరుగుడు పెద్ద ఎత్తున కావాలంటే పెద్ద జంతువు కావాలి. అందుకని గుర్రాలకి కొద్దికొద్దిగా విషమెక్కించి, మెడ దగ్గర రక్తం తీసి, సీరం వేరుచేయడం మొదలెట్టారు. 1890లలోనే ఫ్రాన్సులో నోకార్ అనే పశువైద్యుడు ఈ సీరంతో గుర్రాలనే కాపాడవచ్చని నిరూపించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులకి ఇదే సీరం ఇచ్చారు, దాంతో ధనుర్వాతం కేసులు బాగా తగ్గిపోయాయి.

అన్నట్టు, ఆ యుద్ధానికి మన హైదరాబాదు లాన్సర్లు కూడా గుర్రాలతో సహా పాలస్తీనా దాకా వెళ్ళారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలోని మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాదు లాన్సర్లకి గుర్తుగా పెట్టిందే. అంటే ఆ యుద్ధంలో సైనికుణ్ణి మోసిందీ గుర్రమే, ధనుర్వాతం రాకుండా కాపాడిందీ గుర్రమే.

అయితే సీరం రక్షణ రెండు మూడు వారాలే, తాత్కాలిక ప్యాచ్ లాంటిది. శాశ్వత పరిష్కారం 1920లలో పారిస్ దగ్గర దొరికింది. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే గాస్తోన్ రామోన్, చదువుకి పశువైద్యుడు, విషానికి ఫార్మలిన్ కలిపి వెచ్చగా ఉంచితే దాని కోరలు ఊడిపోతాయని, శరీరం మాత్రం దాన్ని గుర్తుపడుతుందని కనిపెట్టాడు. 1924లో దెకోంబే అదే పద్ధతిని ధనుర్వాతం విషానికి వాడాడు. మనం టీటీ అని పిలిచే టీకా అదే. సూది గుచ్చిన చోట వాపు వచ్చిన గుర్రాల్లో విరుగుడు ఎక్కువ తయారవుతోందని కూడా రామోనే గమనించాడు. కావాలని కాస్త వాపు తెప్పించడానికి ఆయన కలిపి చూసిన వాటిలో టాపియోకా, అంటే మన సగ్గుబియ్యం సరుకు కూడా ఉంది!

మరి పెద్దవాళ్ళకి సరే, పుట్టిన వారంలో చనిపోయే పిల్లల సంగతేమిటి? అప్పుడే టీకా వేస్తే అది పనిచేసేలోపే జబ్బు వచ్చేస్తుంది. అందుకని తల్లికి వేయాలి. మనుషుల్లో తల్లి రక్తంలోని విరుగుడు మాయ దాటి కడుపులో బిడ్డకి చేరుతుంది. 1961లో న్యూగినీలో జరిగిన పరిశోధన గర్భిణులకి టీకా వేస్తే పసికందులు బతుకుతారని తేల్చింది. మన దగ్గర దీన్ని ఆశా వర్కర్లు, ఏఎన్‌ఎంలు గడప గడపకీ మోశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 1988లో ప్రపంచంలో 7,87,000 మంది పసికందులు ధనుర్వాతంతో పోయారు. 2018కి అది 25,000కి దిగింది. దేశంలో ఈ జబ్బుని నిర్మూలించినట్టు ధ్రువీకరణ పొందిన మొదటి రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశం మొత్తానికి 2015లో వచ్చింది. మన ఐటీ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఇదీ ఓసారి చెప్పుకోవాలి.

గుర్రం దగ్గర ఓ తిరకాసు ఉంది. దాని మాయలో పొరలు ఎక్కువ, విరుగుడు దాటదు. పిల్ల దాదాపు ఖాళీ చేతుల్తో పుడుతుంది. దానికి దక్కేదంతా ముర్రుపాలలోనే. అదీ పుట్టిన మొదటి కొన్ని గంటల్లో తాగాలి, ఒక రోజు గడిచాక పేగు ఆ తలుపు మూసేస్తుంది. కాబట్టి ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు తల్లికి బూస్టర్ వేస్తే, సరిగ్గా ముర్రుపాలు తయారయ్యే వేళకి విరుగుడు అందులో నిండుతుంది. అంతకుముందు టీకా ఎరగని గుర్రమైతే రెండు డోసులు కావాలి. చూలు పదకొండు నెలలు, అంత టైములో రెండు సూదులు కష్టమేమీ కాదు. తల్లికి వేయకపోతే పిల్లకి పుట్టగానే సీరం ఇవ్వాలి, అదొక బ్యాకప్. బొడ్డుని మందుతో శుభ్రం చేయడం ఎలాగూ ఉండాల్సిందే. పిల్లకి సొంత టీకా మాత్రం నాలుగు నుంచి ఆరు నెలలకి మొదలెట్టాలి. తొందరపడి ముందే వేస్తే తల్లి ఇచ్చిన విరుగుడే దాన్ని అడ్డుకుంటుంది.

అంటే 1987లో చాచా గుర్రప్పిల్లకి కావాల్సిందంతా అప్పటికి అరవై ఏళ్ళుగా ఉంది. పశువైద్యులు గుర్రాల మీద పనిచేసి సాధించిన టీకా కోడలి దాకా వచ్చింది, పది అడుగుల దూరంలో కట్టేసిన గుర్రం దాకా రాలేదు. మలక్‌పేటలో పరిగెత్తే పందెం గుర్రానికి పుట్టుక నుంచీ కాగితాలుంటాయి, డాక్టరుంటాడు. బరాత్ గుర్రం ఊరేగింపు అయ్యాక ఏ కొట్టానికి పోతుందో మనం అడగం. ఈసారి ఇంట్లో పెళ్ళికి గుర్రం మాట్లాడేటప్పుడు అడ్వాన్సుతో పాటు "దీనికి టెటనస్ టీకా వేయించారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. నలుగురు అడిగితే అదే అలవాటవుతుంది.

చివరిగా ఇంకో మాట. ఆ సెల్‌ఫోన్ షాపులో ఊరికే ఓ స్క్రీన్ గార్డు కొన్నాను. కౌంటర్లో ఉన్నతను చాచా మనవడే, ఆ నెలలో పుట్టినవాడు. ఇక్కడ గుర్రాలుండేవి కదా అన్నాను. "అవునన్నా, నాతోపాటే ఒక పిల్ల పుట్టిందంట, దాదా ఎప్పుడూ చెప్పేవాడు. నా దిష్టి అది తీసుకుపోయిందంట" అన్నాడు. దిష్టి కాదు, టీకా అని చెబుదామనుకున్నాను. ఈలోపు షాపులోకి ఇద్దరు వచ్చారు. ఈసారి వెళ్ళినప్పుడు చెప్పాలి.