మగ్గం ఆపితే మాట వినబడుతుంది

కంపెనీ వీడియో తీయాలనుకోగానే మనవాళ్ళు ముందు కెమెరా రేటు కనుక్కుంటారు. మైకు సంగతి గుర్తొచ్చేది ఎడిటింగ్‌కి కూర్చున్నాకే. మాట సరిగ్గా వినబడట్లేదని అసలు మనిషి గొంతు తీసేసి, స్టూడియోలో ఇంకెవరిచేతో చదివించి అతికిస్తారు. మిగతా వ్యాపారాల సంగతేమో గానీ, చేనేత వీడియోల్లో ఇది నాకు అస్సలు మింగుడుపడదు. ఆత్మకూరు, అమరచింత, కృష్ణ దాటితే గద్వాల... ఈ చుట్టుపక్కల నేతగాళ్ళ మీద వీడియో అంటే ఆయన పెదాలు కదులుతుంటాయి, పైన పాలమూరు యాస ఒక్క ముక్కా లేని న్యూస్‌రీడర్ తెలుగు నడుస్తుంటుంది.

రికార్డింగ్ మొదలైన రోజుల్లో ఈ వెసులుబాటు లేదు. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు రికార్డు చేసినప్పుడు మైకే లేదు. గరాటు లాంటి పెద్ద కొమ్ము, దాని చివర సూది, కింద తిరిగే మైనపు పళ్ళెం. సూదిని కదిలించాల్సింది గొంతులోని బలమే. అందుకే కొమ్ములోకి మొహం పెట్టి పాడాలి. పాట చివర ఆవిడ ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. హానోవర్‌లో రికార్డులు అచ్చేసేవాళ్ళకి ఎవరి పాటో తెలియాలి కదా! మెటాడేటా అన్నమాట.

1925 నుంచి మైకు, ఆంప్లిఫయరుతో రికార్డింగ్ ఊపందుకుంది. ఇక అరవక్కర్లేదు. కాకపోతే మైకు గొంతుతో పాటు పక్కనున్న రైలునీ వింటుంది. 1931లో 'ఆలం ఆరా' తీసిన అర్దేషిర్ ఇరానీకి ఎదురైన కష్టం అదే. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. మాటలు, బొమ్మ ఒకే ఫిల్ము మీద పడే పద్ధతి కాబట్టి తర్వాత దిద్దుకునే వీల్లేదు. రైళ్ళు ఆగాక అర్ధరాత్రి దాటి షూటింగ్ చేసేవారు, మైకుల్ని కెమెరాకి కనబడకుండా దాచేవారు. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా ఇరానీ కంపెనీదే, బొంబాయిలోనే తయారై 1932లో వచ్చింది.

తర్వాత డబ్బింగ్ వచ్చి మన పని తేలిక చేసింది, ఒక రకంగా చెడగొట్టింది కూడా. వివిధ భారతిలో 1967లో, దూరదర్శన్‌లో 1976లో ప్రకటనలు మొదలయ్యాయి. స్పష్టమైన గొంతు అంటే తలుపులు మూసిన గదిలోని గొంతే అని మనకి అలవాటైపోయింది.

నిజానికి ఇదంతా దూరం లెక్క. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. రెండు మీటర్ల అవతల కెమెరా మీదున్న మైకుని తెచ్చి, నోటికి ఇరవై సెంటీమీటర్ల దూరంలో చొక్కాకి తగిలిస్తే మాట 20 డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల లెక్క కొంచెం మారుతుంది గానీ సూత్రం అదే. పక్కన మడత పెట్టిన చీరలుంటే నాలుగు విప్పి వేలాడదీయండి, ప్రతిధ్వని కొంత తగ్గుతుంది. స్టూడియోవాళ్ళు ఫోమ్ అతికించేది ఇందుకే.

సాఫ్ట్‌వేరుతో శుభ్రం చేసుకుందాం అంటారు మనవాళ్ళు (మనకి ప్రతిదానికీ ఒక లైబ్రరీ ఉండాలి!). ఆర్‌ఎన్‌ఎన్‌నాయిస్ లాంటివి మాటని ఉంచి మిగతాది తీసేయడం నేర్చుకున్నవి. వాటికి మగ్గం చప్పుడు చెత్త కిందే లెక్క. మరి ఆ వీడియోలో మగ్గం చప్పుడు కూడా సరుకే కదా? మగ్గం ఆపి మాట రికార్డు చేయండి. తర్వాత మాటల్లేకుండా మగ్గాన్ని ఒక నిమిషం విడిగా రికార్డు చేసి, మాట కింద సన్నగా కలపండి.

ఇరానీ రైళ్ళు ఆగేదాకా కాచుకున్నాడు. మనం ఆపమంటున్నది ఒక మనిషి సంపాదనని. నేతగాడికి కూలి చీరకింత అని వస్తుంది, మగ్గం ఆగిన అరగంటకి ఏమీ రాదు. బడ్జెట్ షీటులో మైకు అద్దె కింద ఆ అరగంట కూలికి కూడా ఒక వరస పెట్టండి.